పెద్ద కుక్క పోయాక చిన్న కుక్క: మా ఇంట్లో జరిగింది జరిగినట్టు

మొన్న మార్చి 2కి స్వీటీ మా ఇంటికొచ్చి ఏడాది అయింది. అంతకుముందు పదకొండేళ్ళు సీజర్ ఉన్నాడు, లాబ్రడార్, బాగున్న రోజుల్లో 38 కేజీలు. స్వీటీ స్పిట్జ్, మన దగ్గర అందరూ పామేరియన్ అని పిలిచే చిన్న కుక్క, ఆరు కేజీల రెండొందల గ్రాములు. పెద్ద కుక్కా చిన్న కుక్కా అన్నప్పుడు అందరూ ఇల్లు ఎంతుంది, తిండికి ఎంతవుద్ది, కాపలా కాస్తదా ఇవే మాట్లాడతారు, 2013లో నేనూ అవే ఆలోచించా. ఆ కుక్క లేవలేని రోజు వస్తే ఎవరు ఎత్తుతారు అని ఒక్కరం కూడా అనుకోలేదు. తెచ్చుకోబోయేవాళ్ళకి ఉపయోగపడుతుందని మొదట్నించీ రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది.

మేం ఉండేది హైదరాబాద్‌లో కొత్తపేట వైపు, అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్, నలుగురు పట్టే లిఫ్ట్ ఒక్కటే. ఇంట్లో నేను, మా ఆయన, అత్తయ్య. బాబుకి బెంగళూరులో ఉద్యోగం.

2024 సంక్రాంతికి బాబు ఇంటికొచ్చాడు. వాడొస్తే సీజర్ వెనక కాళ్ళ మీద లేచి వాడి భుజాల మీద చేతులేసేవాడు, ఎప్పుడూ అదే పద్ధతి. ఆ రోజు ముందు కాళ్ళు లేచాయి గానీ వెనక కాళ్ళు మార్బుల్ మీద చెరో పక్కకీ జారిపోయి కూలబడ్డాడు. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ గోడ దాకా వెళ్ళి, గోడకి ఆనుకుని లేచాడు. బాబు నవ్వబోయి ఆగిపోయాడు. "అమ్మా, ఇలా ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. నాకు చెప్పడానికేం లేదు. రోజూ చూసేవాళ్ళకి ఇవి కనపడవు, తర్వాత ఆలోచిస్తే దీపావళి నుంచే మెట్ల దగ్గర ఆగి నా మొహంలోకి చూసేవాడు, నేను బద్ధకం అనుకున్నా.

జనవరి 27న ఎక్స్‌రే తీయించాం. కదలకుండా పడుకోబెట్టడానికి మత్తు ఇవ్వాలన్నారు, అది ముందు రోజే చెప్తే బాగుండేది ఎందుకంటే మత్తుకి ఖాళీ కడుపు ఉండాలి, మేం పొద్దున్నే అన్నం పెట్టేశాం. మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చోబెట్టారు. రెండు ఫిల్ములు, మత్తు, ఫీజు కలిపి 3,200. తుంటి రెండు వైపులా పాడైంది, ఎడమ పక్క ఎక్కువ. హిప్ డిస్ప్లేసియా, అంటే తుంటి గిన్నెలో తొడ ఎముక కుదురుగా కూర్చోకపోవడం, దాని మీద అరుగుదల. డాక్టర్ గారు ఎంత బాగా చెప్పారంటే "రోలు లోతుగా ఉంటే పొత్రం కుదురుగా తిరుగుతుందమ్మా, వీడికి రోలే పళ్ళెంలా ఉంది, పదేళ్ళు అలాగే తిరిగింది" అన్నారు.

అది తల్లిదండ్రుల నుంచి వచ్చే గుణమేనట, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువట. కానీ చిన్నప్పుడు ఏం పెట్టారు అని అడిగారు. 45 రోజుల పిల్లని తెచ్చుకున్నాం, షాపతను చెప్పాడని రోజూ కాల్షియం సిరప్, గుడ్లు, పాలు, ఎంత తింటే అంత. ఆరు నెలలకే చూసినవాళ్ళు అబ్బ ఎంత పెద్దగయ్యాడో అంటుంటే మాకు గర్వంగా ఉండేది. పెద్ద జాతి పిల్లలు నిదానంగా పెరగాలి, త్వరగా బరువెక్కితే కీళ్ళ మీద పడుద్ది, మంచి ఫుడ్ పెడుతున్నప్పుడు పైన కాల్షియం పోయకూడదు అని ఆ రోజు చెప్పారు. పెద్ద కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్ళు ఈ ఒక్క ముక్క రాసి పెట్టుకోండి దయచేసి. ప్రేమ అనుకుని పెట్టాం మేం.

బరువు తగ్గించమన్నారు, 38 నుంచి 32కి. ఇంట్లో తిరిగే దారంతా యోగా మ్యాట్లు పరిచాం, హాల్లోంచి బాల్కనీ దాకా ఏడు మ్యాట్లు, ఇల్లు ఇల్లులా లేదు కానీ వాడు జారకుండా నడిచాడు. నొప్పికి మాత్ర, కీళ్ళకి పౌడర్, నెలకి 2,800 దాకా అదే. పెద్ద కుక్కకి ఇంకో సంగతేంటంటే మందులన్నీ బరువుని బట్టే. నులిపురుగుల మాత్ర పది కేజీలకి ఒకటి, సీజర్‌కి నాలుగు, ఇప్పుడు స్వీటీకి ముక్క చేసి ఇస్తున్నా. పిడుదుల మాత్ర కూడా అంతే, బరువు పెరిగేకొద్దీ రేటు పెరుగుద్ది.

అత్తయ్య పాపం వాడు మూలుగుతుంటే చూడలేక తన మోకాళ్ళ నొప్పుల బిళ్ళ పెరుగన్నంలో కలిపి పెట్టబోయింది. నేను చూశాను కాబట్టి సరిపోయింది. మన నొప్పి బిళ్ళలు కుక్కలకి పడవు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

మార్చిలో ఇంకో తలనొప్పి. ప్రమాదకరమైన కుక్కలని 23 జాతుల మీద కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది గుర్తుందా, పిట్‌బుల్, రాట్‌వీలర్ అవీ. అది మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి పెద్ద కుక్కలన్నీ ఖాళీ చేయించాలి అని ఒకాయన మొదలెట్టారు. ఆ లిస్ట్‌లో లాబ్రడార్ లేదు. పదకొండేళ్ళలో ఒక్కరి మీద గుర్రుమనని కుక్క, అప్పటికి లేవడానికే గోడ కావాలి వాడికి. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్ కొట్టేసింది, గ్రూప్‌లో కూడా మాట ఆగిపోయింది. కానీ ఆ నెల రోజులు లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే ఎక్కకుండా పక్కకి నిలబడేదాన్ని. పెద్ద కుక్క ఉన్నవాళ్ళకి ఇది ఎప్పుడూ ఉండే బరువే, కుక్క ఎంత మెత్తనిదైనా జనం సైజు చూసే భయపడతారు.

ఇక మే నెల. మే 11 శనివారం సాయంత్రం లిఫ్ట్ మోటార్ కాలిపోయింది. 13న ఓటింగ్, తెలంగాణలో ఎంపీ ఎన్నికలు, ఆంధ్రాలో అసెంబ్లీ కూడా, సిటీ సగం ఖాళీ అయింది, వాచ్‌మన్ కుటుంబంతో సహా ఓటు వేయడానికి ఊరెళ్ళాడు, మెకానిక్ కూడా గోదావరి జిల్లా అట, ఫోన్ ఎత్తడు. లిఫ్ట్ బాగయ్యేసరికి 19వ తారీఖు. తొమ్మిది రోజులు. మా ఇంటి నుంచి కిందకి 54 మెట్లు, అప్పుడే లెక్కపెట్టా. కుక్కకి రోజుకి నాలుగుసార్లు కిందకి వెళ్ళాలి, వాడికేమో చిన్నప్పటి నుంచి ఇంట్లో పోసే అలవాటు లేదు. బాల్కనీలో గడ్డి పట్టా వేశాం, పేపర్లు వేశాం, ఎంత బతిమాలినా వాడు తలుపు దగ్గరే నిలబడి వణుకుతూ ఆపుకున్నాడు తప్ప పోయలేదు.

మొదటి రోజు దుప్పట్లో పడుకోబెట్టి నేను ఒక పక్క, మా ఆయన ఒక పక్క పట్టుకున్నాం. మా ఆయనకి 2019 నుంచి డిస్క్ ప్రాబ్లం. రెండో ఫ్లోర్ మలుపు దగ్గర దుప్పటి జారి సీజర్ నా మీదకి ఒరిగాడు. కరుస్తాడేమో అనుకున్నా నొప్పికి, నా చెయ్యి నాకాడు. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాం ముగ్గురం. పైకి వెళ్ళడానికి 27 మెట్లు, కిందకి 27 మెట్లు.

తర్వాత యూట్యూబ్‌లో చూసి పాత కాటన్ చున్నీ పొట్ట కింద నుంచి వేసి, వెనక భాగం మనం ఎత్తి పట్టుకుంటే ముందు కాళ్ళతో వాడే దిగేలా చేశాం. ఇది పనిచేసింది. కానీ మగ కుక్కకి చున్నీ సరిగ్గా మూత్రం దగ్గరే నొక్కుద్ది, కిందకి దిగాక చున్నీ వదిలేస్తే పడిపోతాడు, పట్టుకుంటే పోయలేడు. రెండు రోజులు చున్నీ తడిపేసుకుని సిగ్గుపడ్డట్టు తల దించుకునేవాడు. వెనక కాళ్ళు రెండూ దూర్చే హ్యాండిల్ బెల్టు ఉంటుంది, హార్నెస్ అంటారు, మగ కుక్కకి అదే కొనండి. 2,300. మొదట వచ్చిన సైజు పట్టలేదు, వెనక్కి పంపి ఇంకోటి వచ్చేసరికి ఐదు రోజులు, అప్పటికి లిఫ్ట్ కూడా బాగైంది. తొడ చుట్టుకొలత టేపుతో కొలిచి ఆర్డర్ పెట్టండి, బరువు చూసి పెడితే మాలాగే అవుద్ది.

ఆ తొమ్మిది రోజుల తర్వాత నాకు నడుం పట్టేసింది. మూడు వారాలు బెల్టు పెట్టుకుని తిరిగా. వంగితే లేవలేను, సీజర్‌ది కూడా అదే పరిస్థితి, మధ్యాహ్నాలు ఇద్దరం హాల్లో మ్యాట్ మీద పక్కపక్కన పడుకునేవాళ్ళం. వాడి మొహం నా అరచేతిలో పెట్టి నిద్రపోయేవాడు, ఆ బరువు, ఆ ముక్కు తడి ఇప్పటికీ చేతికి తెలుస్తది.

ఆగస్టుకి 33 కేజీల ఆరొందలకి వచ్చాడు, నడక కొంచెం మెరుగైంది, బతుకుతాడనుకున్నాం. దసరా అయిన నాలుగో రోజు నుంచి లేవడం మానేశాడు. తిండి తింటున్నాడు, తోక ఊపుతున్నాడు, లేవడు. పక్క మార్చకపోతే తుంటి దగ్గర పుండు పడుద్దన్నారు, రెండు గంటలకోసారి తిప్పాలి, 33 కేజీలు పడుకున్న మనిషిని తిప్పినట్టే. రాత్రిళ్ళు అలారం పెట్టుకుని నేనూ ఆయనా వంతులేసుకున్నాం. అక్టోబర్ 18న అన్నం ముట్టలేదు. 19 శనివారం డాక్టర్ గారు ఇంటికొచ్చారు. బాబు తెల్లవారుజామున బస్సు దిగి వచ్చాడు, వాడిని చూసి తోక మూడుసార్లు నేలకి కొట్టాడు సీజర్. ఇంజెక్షన్ ముందు మత్తు ఇస్తారు, నిద్రపోతాడు, తర్వాత రెండోది. పది నిమిషాలు. వాడి తల నా ఒళ్ళోనే ఉంది. ఇది సరైనదా కాదా అని అడిగేవాళ్ళకి నా దగ్గర సమాధానం లేదు, వాడికి నొప్పి ఆగింది అంతే నాకు తెలిసింది.

లిఫ్ట్‌లో పట్టలేదు. పడుకోబెడితే పట్టదు. మళ్ళీ అదే దుప్పటి, అవే 54 మెట్లు, ఈసారి బాబు, మా ఆయన, వాచ్‌మన్, కింది ఫ్లోర్ అబ్బాయి నలుగురు మోశారు. ఫతుల్లగూడలో పెంపుడు జంతువులకి దహనవాటిక ఉంది, అక్కడికి తీసుకెళ్ళాం. సిటీలో కుక్క పోతే ఎక్కడికి తీసుకెళ్ళాలో మాకు ఆ రోజు పొద్దున దాకా తెలీదు, డాక్టర్ గారే చెప్పారు. ముందే కనుక్కుని ఉంచుకోండి, ఆ టైంలో ఫోన్లు చేసే ఓపిక ఉండదు.

పన్నెండు రోజులకి దీపావళి. పదకొండేళ్ళు దీపావళి రాత్రి నేను బాత్రూంలో ఫ్యాన్ పెట్టుకుని సీజర్‌ని పట్టుకుని కూర్చునేదాన్ని, టపాకాయలంటే వాడికి భయం. ఆ ఏడు కూడా ఎనిమిదింటికి బాత్రూంలోకి వెళ్ళి కూర్చున్నా. మా ఆయన తలుపు కొట్టలేదు.

డిసెంబర్‌లో ఇంకో కుక్క మాట వచ్చింది. ఎత్తింది అత్తయ్యే, సీజర్ వచ్చినప్పుడు నెల రోజులు వంటింట్లోకి రానివ్వని మనిషి, "ఇల్లు బోసిగా ఉందే, ఏదో ఒకటి తిరగాలి" అంది. మా ఆయనకి మళ్ళీ లాబ్రడారే కావాలి. బాబుకి గోల్డెన్ రిట్రీవర్. పెద్ద కుక్కకి ఉండే నెమ్మది చిన్నవాటికి ఉండదు అని ఇద్దరి మాటా ఒకటే, అది నిజమే కూడా, సీజర్ మొరగడం నెలకోసారి వినేవాళ్ళం. నేను చిన్నదే అన్నా. మూడు వారాలు తెగలేదు.

అప్పుడు బియ్యం వచ్చాయి. ఇప్పుడు షాపుల్లో బస్తా 26 కేజీలు కదా, అబ్బాయి కింద వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్ళాడు. నేను మా ఆయనతో అన్నా, ఏవండీ, లిఫ్ట్ వాడకుండా ఈ బస్తా పైకి తెండి, తేగలిగితే లాబ్రడారే తెచ్చుకుందాం అని. పట్టుదలకి అన్నది కాదు, నిజంగానే అడిగా. ఆయన భుజాన వేసుకుని మొదలెట్టారు, నేను వెనకే ఉన్నా. మొదటి ఫ్లోర్ దాటాక దించారు. మళ్ళీ ఎత్తుకున్నారు. రెండో ఫ్లోర్ మలుపులో, సరిగ్గా మేం మేలో కూర్చున్న చోటే దించి, గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయారు. ఆయనకి 57. ఇప్పుడు పిల్లని తెస్తే అది ముసలిదయ్యేసరికి ఆయనకి 67, నాకు 61. బియ్యం కదలవు, మూలగవు, 26 కేజీలే. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "పది కేజీల లోపు చూడు" అన్నారు. బస్తా మిగతా దారి లిఫ్ట్‌లో వచ్చింది.

జనవరి, ఫిబ్రవరి వెతకడమే. పది కేజీల లోపు అనగానే అన్నీ ఒకటే అనుకున్నాం, కాదు. పగ్ చూడ్డానికి ఉప్పల్ వెళ్ళాం, హాల్లో ఫ్యాన్ కింద కూర్చున్నా గురక పెడుతోంది, మా డాక్టర్ గారు వద్దన్నారు, ముక్కు చదునుగా ఉన్న వాటికి ఊపిరి సరిగ్గా ఆడదు, మన ఎండాకాలం వాటికి నరకం, రోజంతా ఏసీ వేయగలిగితేనే అన్నారు. షిట్జూ బొచ్చు రోజూ దువ్వాలి, నెలకోసారి గ్రూమింగ్, నా నడుంకి కుదరదు. బీగిల్ చిన్నగా కనిపిస్తది గానీ పన్నెండు పదమూడు కేజీలు తూగుద్ది, పరిగెత్తే కుక్క, వేటకి పెంచిన జాతి, ఫ్లాట్‌లో ముగ్గురు పెద్దవాళ్ళ మధ్య దానికి అన్యాయం. డాష్‌హండ్ అంటే నాకు చాలా ఇష్టం, పొడుగు వీపు కదా, వెన్నుపూస డిస్కులు జారే జబ్బు వాటిలో ఎక్కువ, మెట్లున్న ఇంటికి వద్దన్నారు. వీధి కుక్కపిల్లని దత్తత తీసుకుందామని నాకు చాలా ఉండేది, కానీ పెరిగితే పదిహేను, ఇరవై కేజీలు అవుతాయి, బస్తా గుర్తొచ్చింది. అది మాత్రం బాధగా ఉంది ఇప్పటికీ.

ఒక షాపులో టీకప్ పామ్, అంటే బుల్లి పామేరియన్ అని చూపించారు, అరచేతిలో పట్టేంత పిల్ల, 18,000. వయసెంత అంటే ముందు రెండు నెలలు అన్నాడు, టీకా పుస్తకం అడిగితే ముప్పై ఐదు రోజులు అన్నాడు. 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. టీకప్ అని ఒక జాతే లేదు, చాలాసార్లు బక్క పిల్లకి ఆ పేరు పెట్టి ఎక్కువ రేటు. ఇంకోటి, మన దగ్గర పామేరియన్ అని పిలిచేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్, అసలు పామ్ రెండు మూడు కేజీలే ఉంటది. ఆ పిల్ల బోనులో పేపర్ ముక్కల మీద వణుకుతుంటే ఎత్తుకుని వచ్చేద్దాం అనిపించింది. సీజర్‌ని కూడా అలాంటి బోనులోంచే, 45 రోజులకే తెచ్చాం కదా. కొంటే రేపు ఇంకో పిల్లని ఆ బోనులో పెడతారు అని బయటికి వచ్చేశా, ఇంటికొచ్చేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు.

స్వీటీ వాట్సాప్ గ్రూప్‌లో కనపడింది. మియాపూర్‌లో ఒక కుటుంబం, భార్యాభర్తలు పిల్లలతో కెనడా వెళ్ళిపోతున్నారు, మూడేళ్ళ ఆడ స్పిట్జ్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలన్నీ ఉన్నాయి. డబ్బులేం వద్దన్నారు. మూడుసార్లు వెళ్ళాం, వాళ్ళ అమ్మాయి ఎనిమిదేళ్ళది, మూడోసారి నా దగ్గరకొచ్చి "ఆంటీ, దానికి ఉరుములంటే భయం, అప్పుడు ఎత్తుకుంటారా?" అంది. ఎత్తుకుంటానమ్మా అన్నా. ఆ మాట చెప్పగలిగినందుకు నాకెంత నిమ్మళంగా అనిపించిందో మా ఆయనకి మాత్రమే తెలుసు. మార్చి 2 ఆదివారం తెచ్చుకున్నాం. టీకా పుస్తకం, అది పడుకునే పాత టవల్, తినే ఫుడ్ అరకేజీ, ఆ మూడూ అడిగి తెచ్చుకోండి ఎవరైనా. ఫుడ్ ఒక్కసారిగా మార్చకూడదు, వారం పది రోజులు కలిపి కలిపి మార్చాలి.

మొదటి వారం మంచం కిందే ఉంది. పెద్ద కుక్క అలవాటైన చేతులు కదా మావి, సీజర్‌ని వీపు మీద టపటపా కొట్టి ముద్దు చేసేవాళ్ళం, మా ఆయన అలాగే ఒక్కటి తట్టేసరికి ఇది కుయ్యిమని పరిగెత్తింది. ఆయన రాత్రంతా బాధపడ్డారు. చిన్న కుక్కతో ముందు మన చేతులు మారాలి. కాళ్ళు కూడా. సీజర్ దారిలో పడుకుంటే కనపడేవాడు, ఇది కాళ్ళ మధ్య తిరుగుద్ది, కనపడదు. మార్చి 20న అత్తయ్య తట్టుకుని సోఫా పట్టుకుంది కాబట్టి సరిపోయింది, 74 ఏళ్ళ మనిషి, తుంటి విరిగితే ఏమయ్యేది. ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న మువ్వ కొనుక్కొచ్చి బెల్టుకి కట్టా. పదిహేను రూపాయలు. ఇప్పుడు అత్తయ్య మువ్వ ఎటు వినపడుతోందో చూసుకునే అడుగేస్తది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే చిన్న కుక్క సేఫ్ అనుకుంటారు, లాగి పడేయదు నిజమే, కాళ్ళ కింద పడే సంగతి మాకెవరూ చెప్పలేదు.

మొరుగుడు. ఇది నేను అస్సలు అనుకోలేదు. సీజర్‌కి భయపడ్డవాళ్ళే ఇప్పుడు సీజర్ ఎంత మంచివాడో అంటున్నారు. లిఫ్ట్ చప్పుడైతే మొరుగుద్ది, కాలింగ్ బెల్, పక్కింటి కాలింగ్ బెల్, కుక్కర్ విజిల్ కూడా. గొంతు సన్నగా గోడలు దాటి పోద్ది. రెండో వారంలోనే కంప్లైంట్. యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లోనే చెప్పింది, అసోసియేషన్ వాళ్ళు కుక్కల్ని నిషేధించలేరు, మొరుగుతుందని కూడా పంపించలేరు అని, సైజు చిన్నా పెద్దా అని తేడా లేదు. కానీ ఆ పేపర్ చూపించి గెలిచినా పక్కింట్లో పరీక్షలకి చదువుకునే పిల్ల ఉంది, ఆ పిల్ల తప్పేముంది. అందుకని చిన్న డబ్బాలో ఉడికించిన చికెన్ ముక్కలు, గోరంత గోరంత, తలుపు పక్కన పెట్టుకున్నా. లిఫ్ట్ చప్పుడు, మొరిగేలోపే ముక్క. మొరిగాక ఇవ్వకూడదు, అప్పుడు మొరిగితే వస్తదనుకుంటది. ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు లిఫ్ట్ ఆగితే నా వైపు చూస్తది. కాలింగ్ బెల్‌కి మాత్రం ఇంకా మొరుగుద్ది, రెండు మూడు సార్లు, సరే.

వీధిలో నడవడం దగ్గర నేను సీజర్‌ని చాలా మిస్సవుతా. రాత్రి పదింటికి కూడా వాడితో ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని, ఒక్కరూ కన్నెత్తి చూసేవాళ్ళు కాదు, వీధి కుక్కలు పక్కకి తప్పుకునేవి. స్వీటీతో ఏప్రిల్‌లో మూడు వీధి కుక్కలు మీదకొచ్చాయి, నేను దాన్ని ఎత్తేశా, అవి నా నడుం దాకా ఎగిరాయి. కూరగాయల బండతను కర్ర తీసుకుని రాబట్టి బయటపడ్డాం. ఎత్తుకుంటే మన మీదకి ఎగురుతాయని అప్పుడే తెలిసింది. రెండు నెలలు టెర్రస్ మీదే తిప్పాను, ఇప్పుడు పొద్దున ఆరింటికి మా ఆయన కర్రతో వెళ్తారు, వీధి చివర దాకా. ఎండాకాలం ఏడు దాటితే అసలు దించం, బొచ్చు రెండు పొరలు దీనికి. ఎండ అని గుండు చేయిద్దామంది అత్తయ్య, వద్దన్నారు డాక్టర్ గారు, ఆ బొచ్చే ఎండని కూడా ఆపుద్దట, దువ్వి ఊడిన బొచ్చు తీసేస్తే చాలు.

ఖర్చు తగ్గింది. సీజర్‌కి తిండికే నెలకి ఆరు వేల దాకా అయ్యేది, దీనికి పద్నాలుగు వందలు. కానీ పళ్ళు! జూన్‌లో నోటి వాసన వస్తోందని చూపిస్తే లోపలి పళ్ళ మీద గార, చిగుళ్ళు వాచి ఉన్నాయి. చిన్న కుక్కలకి చిన్న దవడలో పళ్ళు ఇరుకు ఇరుకుగా ఉంటాయి, గార త్వరగా పడుద్దట. మత్తు ఇచ్చి క్లీనింగ్, మూడు పళ్ళు తీసేశారు, ముందు రక్త పరీక్షతో కలిపి 8,600. సీజర్‌కి పదకొండేళ్ళలో పళ్ళకి రూపాయి పెట్టలేదు. ఇప్పుడు రోజూ రాత్రి వేలికి తొడిగే బ్రష్, కుక్కల పేస్టు, మన పేస్టు వాడకూడదు.

నవంబర్‌లో నా గుండె ఆగినంత పనైంది. నడుస్తూ నడుస్తూ స్వీటీ వెనక ఎడమ కాలు పైకి లేపి మూడు కాళ్ళతో రెండు గెంతులు గెంతి, మళ్ళీ మామూలుగా నడిచింది. మళ్ళీ సాయంత్రం అదే. సీజర్ ఎక్స్‌రే కళ్ళముందు కనపడింది, రాత్రి నిద్రపోలేదు. మోకాలి చిప్ప పక్కకి జారి మళ్ళీ కూర్చుంటోందట, చిన్న జాతుల్లో మామూలేనట, నాలుగు స్థాయిల్లో రెండోది. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, బరువు పెరగనివ్వద్దు, సోఫా మీద నుంచి దూకనివ్వద్దు, ఆరు నెలలకోసారి చూపించండి అన్నారు. పెద్దవాటికి తుంటి, చిన్నవాటికి మోకాలు. సోఫా ముందు పీట వేశాం, మెట్ల దగ్గర ఎత్తుకుంటున్నాం.

ఫిబ్రవరిలో మళ్ళీ లిఫ్ట్ ఆగింది, నాలుగు రోజులు. మొదటి రోజు పొద్దున స్వీటీని ఎడమ చంకన పెట్టుకుని, కుడి చేత్తో రెయిలింగ్ పట్టుకుని దిగా. రెండో ఫ్లోర్ మలుపు దగ్గర ఆగాను, అలిసిపోయి కాదు. అది నా మెడ దగ్గర వాసన చూసి ఎందుకాగావన్నట్టు కదిలింది, దిగిపోయాం.

సీజర్ హార్నెస్ అలమారాలో ఉండేది, ఉతికి మడిచి. పోయిన వారం వెనక వీధిలో ఒకావిడ మా వాచ్‌మన్‌ని పట్టుకుని మా ఇంటికొచ్చింది, వాళ్ళ జర్మన్ షెపర్డ్‌కి తొమ్మిదేళ్ళు, వెనక కాళ్ళు జారుతున్నాయట, "అక్కా, మీకు తెలుసటగా ఏదో బెల్టు సంగతి" అంది. ఎన్ని కేజీలు అంటే 34. ఏ ఫ్లోర్ అంటే రెండు, లిఫ్ట్ లేదు. హార్నెస్ తీసుకుని నేనే వెళ్ళా వాళ్ళింటికి. ఆ షెపర్డ్ గాడు నన్ను చూసి లేవబోయి జారాడు. కూర్చుని, మొదట వెనక ఎడమ కాలు దూర్చి, తర్వాత వెనక కుడి కాలు, నడుం మీద క్లిప్పు రెండు వేళ్ళు పట్టేంత వదులుగా పెట్టి, హ్యాండిల్ వాళ్ళ అబ్బాయి చేతికిచ్చా. షెపర్డ్ గాడు లేచి నిలబడ్డాడు. నేల మీద మ్యాట్లు లేవు, రేపు మావి ఏడూ పంపిస్తానని చెప్పి వచ్చాను.